నకలు పత్రాలతో నయాగరా

2009 అక్టోబరు 24, శనివారం. సిరక్యూస్ స్టేషన్‌కు మేము పదకొండూ నలభైకే చేరుకున్నాం. నయాగరా వెళ్లే రైలు పన్నెండూ యాభైకి రావాలి. బండి వేళకు గంట ముందే స్టేషన్‌లో ఉండటం నాకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు. శ్రీలత మొదటి రెండు ప్రయాణాల్లో దీనికి విసుక్కుంది. మూడో ప్రయాణం నుంచి ఆ గంటలో చదువుకోవటానికి పుస్తకం వెంట తెచ్చుకుంటోంది.

మా ఇద్దరి సంగతి ముందుగా చెప్పాలి. నేను ఒంగోలులో జిల్లా గణాంకాధికారిగా పదవీ విరమణ చేశాను. ఇక్కడి ఒక విశ్వవిద్యాలయం ఇచ్చిన ఉపకారవేతనంతో పంట దిగుబడి అంచనాల మీద పది నెలల కోర్సు చదవటానికి ఆగస్టు 17న అమెరికాలో దిగాను. వయసు యాభై తొమ్మిది. తరగతిలో, పాఠం చెప్పే ఆచార్యునితో సహా, అందరికంటే పెద్దవాణ్ణి నేనే. శ్రీలతది హన్మకొండ. అదే విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. రెండో సంవత్సరం. నేనుండే అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తులో ఉంటుంది. ఇద్దరికీ కారు లేదు. ఊళ్లు చూడాలనే కోరిక ఇద్దరికీ ఉంది. అందువల్ల కుదిరిన శనివారమల్లా రైలెక్కాం. యూటికా, ఆల్బనీ, హడ్సన్, పొకీప్సీ, న్యూయార్క్. అయిదూ తూర్పు దిక్కు ప్రయాణాలే. పడమటికి వెళ్లటం ఇదే మొదలు.

టికెట్టు రానూపోనూ మనిషికి డెబ్బై డాలర్ల లోపు. రైలు పద్దెనిమిది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. కుడివైపు కిటికీ పక్కన కూర్చున్నాం. ఆకులు రాలే కాలం చివరి రోజులవి. చెట్లు సగానికి పైగా బోడిగా ఉన్నాయి. ఒంటిగంటన్నరకు పులిహోర పొట్లాలు విప్పాం. పొట్లం మడిచి సంచిలో పెడుతూ శ్రీలత మామూలుగా అడిగింది.

"సార్, మీ పాస్‌పోర్ట్ ఒకసారి ఇస్తరా? రెండూ ఒక్క కవర్‌ల పెడ్త. రోచెస్టర్ కాడ ఎవరన్నా అడిగితే ఎతకకుంట ఉంటది."

నా ప్లాస్టిక్ ఫోల్డరు తీసి ఇచ్చాను. ఆమె రెండు కాగితాలు తిప్పి చూసి ఆగిపోయింది.

"ఇవి జిరాక్సులు కద సార్."

"ధ్రువీకరించిన నకళ్లు," అన్నాను.

"ఒరిజినల్ ఏది?"

"గదిలో, అల్మారాలో భద్రంగా ఉంది. తాళంచెవి ఇదిగో."

ఆమె తాళంచెవి వంక, నా వంక మార్చి మార్చి చూసింది. "సార్, ఈ లైన్ల బార్డర్ వాళ్లు రైలెక్కుతరు. కెనడా పక్కనే కద. ఒరిజినల్ లేకపోతే దించేస్తరు. పోయినేడు మా సీనియర్‌ని దించి మూడు గంటలు కూసోబెట్టిన్రు."

"ముందే చెప్పలేదేం?"

"మీకా! బండికి గంట ముందు వచ్చేటోళ్లు మీరు. పాస్‌పోర్ట్ మర్చిపోతరని నేనెట్ల అనుకుంట?"

"మరచిపోలేదమ్మా. కావాలనే పెట్టి వచ్చాను."

"అది ఇంకా ఘోరం సార్."

నేను ముప్పై ఏళ్లు నేర్చిన పద్ధతి అది. అసలు పత్రం ఇల్లు దాటకూడదు. ప్రయాణంలో నకలు, దాని మీద గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరా సంతకం, కింద ముద్ర ఉండాలి. పాస్‌పోర్టు, వీసా పుటల నకళ్లను నా స్థానంలోకి వచ్చిన అధికారి బయలుదేరే ముందు ధ్రువీకరించి ఇచ్చాడు. విమానాశ్రయంలో పాస్‌పోర్టుకు కుట్టి ఇచ్చిన ప్రవేశపత్రాన్ని మాత్రం ఇక్కడి గ్రంథాలయంలో నకలు తీయించాను. దానిని ధ్రువీకరించే గెజిటెడ్ అధికారి సిరక్యూస్‌లో దొరకనందున నేనే సంతకం చేసి, పేరు కింద 'విశ్రాంత' అని నిజాయితీగా రాసుకున్నాను.

రెండూ ఇరవైకి రోచెస్టర్ వచ్చింది. నలుగురు దిగారు, ఏడుగురు ఎక్కారు. వారిలో అధికారులు లేరు. రైలు కదిలాక శ్రీలత ఊపిరి వదిలింది. "పోయేటప్పుడు ఎక్కలేదంటే, వచ్చేటప్పుడు ఎక్కుతరు సార్," అంది.

ఆ మాటతో నా నయాగరా సగం పోయింది. ఉపకారవేతనం నిబంధనలలో ఒకటి నాకు బాగా గుర్తు. వలస చట్టానికి సంబంధించిన ఏ ఉల్లంఘన నమోదైనా కోర్సు అక్కడితో ముగుస్తుంది. యాభై తొమ్మిదేళ్ల వయసులో, మా ఆవిడతో సహా వద్దన్నవారందరినీ ఒప్పించి వచ్చిన చదువు అది. రోచెస్టర్‌లో దించివేసిన మనిషిగా ఒంగోలు తిరిగి వెళ్లి ఏ మొహంతో చెప్పుకోవాలి?

నయాగరా స్టేషన్‌లో అయిదు గంటలకు దిగాం. స్టేషన్ జలపాతానికి దగ్గర కాదు. వెళ్లేవారు టాక్సీకి సిద్ధపడి ఉండాలి. ఒక గుజరాతీ దంపతుల మోటెల్‌లో రెండు గదులు తీసుకున్నాం. శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి, ఉదయం టీ ఉచితం. జలపాతం దగ్గర గట్టు మీద నిలబడితే తుంపర మొహాన కొడుతుంది. నీరు అంచు దాటే చోట గాజులా ఆకుపచ్చగా ఉండి, మరుక్షణంలో తెల్లబడుతుంది. ఆ మోత చెవులతో కన్నా అరికాళ్లతో ఎక్కువ తెలుస్తుంది. ఇంతవరకు గమనించగలిగాను.

"సార్, ఫాల్స్ ఇటు. మీరు అటు చూస్తున్రు," అంది శ్రీలత.

నేను చూస్తున్నది ఎదుటి ఒడ్డును. అది కెనడా. ఆ ఒడ్డు అంత దగ్గరగా ఉండటమే నా కష్టానికి కారణం. బస్సులో తిరిగి వెళ్దామా అని అడిగాను. బస్టాండులోనూ అడుగుతారంది. గదిలోని పాస్‌పోర్టు ఎవరినైనా తెమ్మందామంటే తాళంచెవి నా జేబులోనే ఉంది. ఆ రాత్రి లెక్క వేశాను: ఇప్పటిదాకా ఆరు ప్రయాణాల్లో ఒక్కదానిలోనూ తనిఖీ జరగలేదు. కాని వాటిలో అయిదు వేరే దిక్కువి. తూర్పు రైళ్ల అనుభవంతో పడమటి రైలును అంచనా వేయరాదని నా తరగతి మొదటి పాఠంలోనే చెప్పారు.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు తిరుగు రైలెక్కాం. బఫెలో దగ్గర ఒక పెద్దావిడ ఆపిల్ పండ్ల సంచితో ఎక్కి మా ఎదుటి వరుసలో కూర్చుంది. స్కెనెక్టడీలో కూతురి ఇంటికి వెళ్తోందట. పండ్లు తన పెరటివేనని, ఈ ఏడు వడగళ్లకు చాలా పోయాయని చెప్పింది. ఎన్ని చెట్లని అడిగాను. పదకొండంది. చెట్టుకు ఎంత దిగుబడి అని అడగబోతుంటే శ్రీలత మోచేత్తో పొడిచింది. రైలు రోచెస్టర్‌లో ఆగుతోంది.

ఇద్దరు ఎక్కారు. ఆకుపచ్చ యూనిఫాం, నడుముకు పిస్తోళ్లు. పొడవాటి అధికారి ముందు, రేడియో పట్టుకున్న యువకుడు వెనుక. ప్రతి వరుస దగ్గరా అదే ప్రశ్న: "మీరు అమెరికా పౌరులా?" ఆపిల్ ఆవిడ వరుస దగ్గర మాత్రం ఆగకుండానే మా దగ్గరికి వచ్చారు.

శ్రీలత పాస్‌పోర్టు, దానిలోని ప్రవేశపత్రం, విశ్వవిద్యాలయం ఇచ్చిన ఐ-20 అనే విద్యార్థి పత్రం అందించింది. ఆమె వీసా ముద్ర గడువు జూలైలోనే తీరింది. ఐ-20 ఉన్నంతకాలం చదువుకోవటానికి అది అడ్డుకాదు. అయినా ఆ పుట ఎవరు చూసినా ఆమెకు వణుకు. పొడవాటి అధికారి ఆ పుట దగ్గరే ఆగాడు. ఐ-20 విప్పి చదివి, చివరికి తిరిగి ఇచ్చేశాడు. "సరే," అన్నాడు. ఆమె తనిఖీ ముగిసింది.

నా ఫోల్డరు ఇచ్చాను.

"ఇవి కాగితాలు. పాస్‌పోర్టు ఎక్కడ?"

"నా గదిలో. తాళం వేసిన అల్మారాలో."

"అక్కడెందుకు?"

"భద్రత కోసం."

"మీ దగ్గర ఉంటే భద్రత కాదా?"

అతడు ఆకుపచ్చ సంతకం మీద వేలు పెట్టాడు. "ఎవరిది?"

"ఇది మా జిల్లా గణాంకాధికారిది."

"మరి ఇది?"

"నాది."

"అంటే, మీరు మీరేనని మీరే సంతకం చేశారు."

ఉద్యోగంలో ఎన్ని వేల నకళ్ల మీద సంతకం చేశానో! ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎప్పుడు వచ్చారని అడిగాడు. ఆగస్టు 17 అన్నాను. వయసు చెప్పాను. ఈ అమ్మాయి ఎవరన్నాడు. పొరుగు విద్యార్థిని, ఆరు ప్రయాణాలు కలిసి చేశామన్నాను. యువకుడు రేడియోలో నా పేరు ఒక్కొక్క అక్షరమే చదివాడు. అవతలి గొంతు మళ్లీ చెప్పమంది. మళ్లీ చదివాడు. కండక్టరు వచ్చి, రైలు ఇంకెంతసేపు ఆపాలని అడిగాడు.

"మీ సంచి తీసుకుని దిగండి సార్," అన్నాడు పొడవాటి అధికారి. "స్టేషన్‌లో చూసుకుందాం."

లేచాను. సీటు అంచు పట్టుకున్నాను. "అమ్మా, నువ్వు కూర్చో. నీ కాగితాలు చూసేశారు, నీకు సంబంధం లేదు," అని తెలుగులో చెప్పాను.

శ్రీలత లేచి నిలబడింది. "ఈయన నాకు తెలుసు," అంది ఇంగ్లీషులో. "ఈయన దిగితే నేనూ దిగుతాను."

అధికారి ఆమె వైపు తిరిగాడు. నన్ను మాట్లాడవద్దని చెయ్యి చూపించాడు. "ఎప్పటినుంచి తెలుసు?"

"సెప్టెంబరు నుంచి. అప్పుడే వచ్చారు."

ఆగస్టు 17 అని నేను చెప్పి రెండు నిమిషాలు కాలేదు.

"వయసెంత?"

"అరవై అయిదు ఉంటాయి."

"ఎన్నిసార్లు కలిసి ప్రయాణం చేశారు?"

"పదిసార్లు."

అధికారి కనుబొమలు పైకి లేచాయి. "ఆయన ఆరు అన్నారు." తరువాత, "ఆయన ఏం పని చేసేవారు?" అన్నాడు.

"మ్యాథ్స్ ప్రొఫెసర్," అంది శ్రీలత ఏమాత్రం తడుముకోకుండా.

ప్రతి జవాబూ తప్పే. ప్రతి తప్పూ నన్ను అబద్ధాలకోరును చేస్తోంది. నేను నోరు విప్పితే ఆమె అబద్ధాలకోరవుతుంది. పళ్లు బిగించి నిలబడ్డాను.

ఆమెకూ ఏదో తేడా వస్తోందని తెలిసింది. ఇక ప్రశ్నకు ఆగలేదు. "చూడండి, రైలు ఎంత లేటయిందో ఈయన ప్రతి స్టేషన్‌లోనూ రాసుకుంటారు. రెండో స్టేషన్ దాటాక బీపీ మాత్ర వేసుకుంటారు. పోయిన నెల నాకు జ్వరం వస్తే చారు కాచి తెచ్చి, రెండు గంటలకోసారి థర్మామీటర్ పెట్టి, గ్రాఫ్ గీసి నా ఫ్రిజ్ మీద అంటించారు. గ్రాఫ్! ఇంకా అక్కడే ఉంది. కావాలంటే వచ్చి చూసుకోండి. ఇలాంటి మనిషి దొంగతనంగా ఎక్కడికి వస్తాడు? వచ్చినా గంట ముందే వచ్చి నిలబడతాడు!"

అధికారి నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడనిపించింది.

"ఈమె చెప్పినదాన్ని సరిదిద్దాలని ఉంది కదూ మీకు?"

"నాలుగు చోట్ల," అన్నాను.

యువకుడు నవ్వు ఆపుకోలేకపోయాడు. అప్పుడే రేడియో గరగరలాడింది. నా పేరు, నా ప్రవేశపత్రం సంఖ్య, విశ్వవిద్యాలయం పేరు చదివి, 'సరిపోయింది' అంది అవతలి గొంతు. పొడవాటి అధికారి ఫోల్డరు మూసి నా చేతిలో పెట్టాడు. అతడు నవ్వలేదు.

"అసలు పత్రం వెంట ఉంచుకోవటం చట్టం. ఇంకోసారి ఇలా దొరికితే ఈ అమ్మాయి చెప్పినా వినను."

వారు దిగారు. రైలు ఇరవై ఆరు నిమిషాల ఆలస్యంతో కదిలింది. శ్రీలత కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. చేతులు తీశాక కోపం వచ్చింది.

"మిమ్మల్ని దించితే ఒంగోల్ల ఆంటీకి నేనేం చెప్పాలె సార్? ఆకుపచ్చ పెన్నంట, ఆకుపచ్చ పెన్ను!"

"నువ్వెందుకు లేచావమ్మా? నీ వీసా ముద్ర సంగతి మళ్లీ తీస్తే?"

"అదే భయమైంది. కాళ్లు లేసినయి, నేనేం జేయను?"

ఎదుటి వరుసలో పెద్దావిడ వెనక్కి తిరిగి చెరొక ఆపిల్ ఇచ్చింది. "ముప్పై ఏళ్లుగా ఈ రైల్లో వెళ్తున్నాను," అంది మెల్లగా. "నన్ను ఒక్కసారీ ఆగి అడగలేదు." ఆ తరువాత ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఈ దారిన వెళ్లదలచినవారికి నేను చెప్పగలిగింది ఇదే. అక్టోబరు చివర చలి ఎక్కువ. ఉన్ని కోటు తప్పనిసరి. రైల్లో తినుబండారాల ధర ఎక్కువ. ఇంటినుంచి తెచ్చుకోవటం మేలు. సరిహద్దు దగ్గరి రైళ్లలో అసలు పాస్‌పోర్టు, ప్రవేశపత్రం ఒంటి మీదే ఉండాలి. ఎవరు సంతకం చేసిన నకలూ పనికిరాదు. జలపాతాన్ని గురించి ఇంతకన్నా రాయలేకపోవటానికి కారణం పైన చెప్పాను.

నాలుగూ పదికి సిరక్యూస్ సమీపిస్తుండగా అలవాటుగా పుస్తకం తీసి రైలు ఆలస్యం రాసుకున్నాను. శ్రీలత మెడ చాచి చూసింది. ఆమె పెదవుల మీద నవ్వు తిరిగి వచ్చింది.

"నేను చెప్పినయి అన్నీ తప్పేనా సార్? నాలుగూ?"

"ఆగస్టు 17. యాభై తొమ్మిది. జిల్లా గణాంకాధికారి."

"మూడే చెప్పిన్రు. ట్రిప్పులు?"

పుస్తకంలో ఆ పుట పైన 'ఆరవ ప్రయాణం' అని శనివారమే రాసి ఉంది. దాన్ని మూసి జేబులో పెట్టుకున్నాను.

"పది," అన్నాను. "లే, స్టేషన్ వచ్చింది."