నీరటి తాత నీళ్ల వంతు

మా నీరటి తాత పోయాడని మొన్న పొద్దున్నే కబురొచ్చింది. ఎద్దులకు మేత వేస్తున్నవాణ్ణి గంప అక్కడే వదిలేసి పరుగెత్తాను. శామీర్‌పేట చెరువు కింద మడులున్న మాకందరికీ వంతుల ప్రకారం నీళ్లు వదిలిన మనిషి ఆయన. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తూము దగ్గర మరొకరిని చూడలేదు.

మా వైపు 'నాగా' అన్న మాట రోజుకు పదిసార్లు వినబడుతుంది. కూలిమనిషి రాకపోతే నాగా, పాలు రాకపోతే నాగా. వరసగా సాగుతున్నది ఒక్కరోజు ఆగినా ఆ మాట పడుతుంది, అనేవాళ్ల గొంతులో కాస్త తిట్టూ ఉంటుంది. తాత మాత్రం జ్వరమొచ్చినవాణ్ణి పలకరించినట్టు "ఏంరా, నాగా పడ్డదా?" అనేవాడు.

నేలలో నాటిన కర్ర నీడను చూసి వంతు మార్చేవాడు. సొంత తమ్ముడి మడైనా సరే, నీడ గీత దాటిందంటే నీళ్లు మళ్లించేసేవాడు.

ఒక ఏడు సరిగ్గా నా వంతు రోజున నా భార్యకు నొప్పులు మొదలయ్యాయని రావల్కోల్‌లోని అత్తగారింటికి పరుగెత్తాను. ఎవరికైనా చెప్పిపోవాలన్న జ్ఞానం ఉంటేగా! ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం. ఆ సంబరంలో రెండు రోజులుండి వచ్చి చూస్తే, మడికి గండి తీసే మనిషి లేక నా వంతు నాగా పడింది; పొట్టకొచ్చిన వరి వాడిపోయి, మడి నెర్రెలు విచ్చింది. మళ్లీ నా వంతు వచ్చేదాకా పైరు బతకదు. ఆ గింజలే మాకు ఏడాది తిండి.

"తాతా, ఇప్పుడే నీళ్లు ఇడువు" అని మీద పడ్డాను.

"ఎట్లిడువాలెరా? ఇయ్యాల వంతున్నోని నీళ్లు గుంజి నీకిస్తే, నీ నాగా పోయి వాని మడిల పడ్తది."

నోటికొచ్చిందల్లా అన్నాను. రాతిగుండె ముసలోడివన్నాను. ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన రుమాలు తలకు చుట్టుకొని బయల్దేరాడు. ఆ రోజు వంతున్న ఎనిమిది మంది దగ్గరికీ పోయి ఒకటే మాట: "వీనికి బిడ్డ పుట్టింది. తలా నాలుగు వేళ్ల నీడ జరిగేంత సేపు నీళ్లు ఇడువుండ్రి."

కాదన్నవాడు లేడు. పొద్దు గూకేసరికి నా మడి తడిసింది, ఎవరి మడీ ఎండలేదు.

"నాగా ఎవనికైనా పడ్తది కొడుకా. తలా ఇంత పంచుకుంటే ఎవనికీ బరువు గాదు" అన్నాడు. నా మాటలు మనసులో పెట్టుకోలేదు సరికదా, పిల్ల ఎవరి పోలికని అడిగి మురిసిపోయాడు.

మొన్న ఆయన వాకిట్లో పెద్దలందరూ, మర్యాదకు ఈ ఒక్కరోజు తూము మూసేద్దామన్నారు. నేనూ తలూపాను. ఏడుస్తున్న అవ్వ, ఆయన భార్య, చప్పున లేచి వచ్చింది.

"ఏందిరా! నా ముసలోడు ఉన్నన్ని దినాలు నీళ్లు ఆగలే. పోయిన్నాడే ఆపుతరా? ఇయ్యాల మొదటి వంతు ఎవనిది?"

నాదేనన్నాను.

"మరి జల్దీ పోయి ఇడువు. నీ పైరేం పాపం చేసింది?"

పోయి తూము ఎత్తి వచ్చి పాడెకు భుజం పట్టాను. దారిలో కాలువ దాటాలి. మేం చేరేసరికి నీళ్లు నిండుగా పారుతున్నాయి. చెప్పొద్దూ, దుఃఖంలోనూ నా కడుపు నిండింది. నలుగురం పిక్కల లోతు నీళ్లలోకి దిగాం. ఆయనను భుజాల మీద ఎత్తి పట్టుకొని, ఆగకుండా అవతలి గట్టెక్కాం.