నాకు మండుతోందండీ

ఇన్నేళ్ళలో నేను చెప్పింది ఒక్కరూ చివరిదాకా వినలేదు. రెండో వాక్యం పూర్తికాకముందే "షుగర్ ఏమో, చూపించుకున్నారా?" అంటారు. చూపించుకున్నాను. పరగడుపున చూపించుకున్నాను, తిన్నాక చూపించుకున్నాను. హఫీజ్‌పేటలో మా వీధి చివర రక్తపరీక్షలు చేసే ఆయన ఇప్పుడు నన్ను చూడగానే "మళ్ళీనా సార్?" అంటున్నాడు. షుగర్ లేదు. "అయితే వేడి చేసుంటుంది" అంటారు తర్వాత. దానికోసం నేను తాగిన సబ్జా నీళ్ళతో మా అపార్ట్‌మెంట్ ట్యాంకు ఒక పూట నిండేది. మా అత్తగారు పనిగట్టుకుని వచ్చి అరికాళ్ళకు గోరింటాకు పెట్టారు. పండిందో లేదో ఎవరికీ తెలియలేదు. పాదాలు ముందే ఎర్రగా ఉన్నాయి.

జబ్బు పేరు ఎరిత్రోమెలాల్జియా. నోరు తిరగడానికి నాకే వారం పట్టింది. చాలా అరుదైనదట. అరుదైన జబ్బు వస్తే కాస్త గౌరవం దొరుకుతుందనుకున్నాను. నలుగురికీ తెలిసిన జబ్బయితేనే పరామర్శకు వస్తారు, పళ్ళు తెస్తారు. నాకు ఇంతవరకు ఒక్క బత్తాయి కూడా రాలేదు.

బూట్లు వేసుకున్నా, పది నిమిషాలు నడిచినా, పాదాలు వేడెక్కి ఎర్రబడి ఉబ్బుతాయి. తర్వాత మంట. కాగిన పెనం మీద నిలబడ్డట్టు ఉంటుంది, దిగుదామంటే పెనం కూడా వెంటే వస్తుంది. చల్లగాలి తగిలితే తగ్గుతుంది. మొదట్లో బకెట్లో ఐసు వేసుకుని కాళ్ళు ముంచి కూర్చునేవాణ్ణి. మా ఆవిడ కొండాపూర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. చర్మం నాని, తెల్లబడి, చీలడం చూసి బకెట్టు లాక్కుంది.

"ఏవండీ, ఇవి పాదాలా, నానబెట్టిన మినప్పప్పా? పుండు పడితే ఎవరు కడతారు కట్లు? ఇంకోసారి ఐసు కనబడిందో, మిమ్మల్ని ఇంట్లోంచి డిశ్చార్జి చేసేస్తాను."

అలా నాకు మిగిలినవి మాత్రలు, ఒక చిన్న ఫ్యాను, వేళ్ళు బయటికి కనిపించే చెప్పులు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. తప్పులు వెతికి రాసిపెట్టడమే నా ఉద్యోగం. "నా సిస్టమ్‌లో రావట్లేదే" అని డెవలపర్లు చేతులు దులుపుకోవడం రోజూ చూస్తాను. డాక్టర్లూ అదే చేశారు. వాళ్ళ గదుల్లో ఏసీ ఉంటుంది. నా వంతు వచ్చేసరికి పాదాలు పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు బుద్ధిగా, మామూలుగా ఉండేవి. "ఇక్కడేమీ కనిపించట్లేదే" అని ముగ్గురు అన్నారు. ముగ్గురి మొహాలూ గుర్తున్నాయి. నాలుగో ఆవిడ నన్ను ఆసుపత్రిలో మూడంతస్తుల మెట్లు ఎక్కించి, దించి, అప్పుడు చూసి జబ్బు పేరు చెప్పింది. ఆవిడ మీద నాకు ఫిర్యాదు లేదు, మెట్ల మీద తప్ప.

ఇంటి నుంచి పనిచేసినన్నాళ్ళూ ఎలాగో గడిచింది. తర్వాత వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రావాల్సిందేనన్నారు. మా ఆఫీసులో చెప్పులు నిషేధం, బూట్లే వేసుకోవాలి. చెప్పులతో వస్తే గేటు దగ్గర రిజిస్టరులో రాస్తారు. మూడుసార్లు రాస్తే హెచ్చరిక లేఖ. హఫీజ్‌పేటలో లోకల్ రైలెక్కి, హైటెక్ సిటీలో దిగి, నడిచి వెళ్ళేసరికే నా పాదాలు కమ్మరి కొలిమి. అందుకే మొదటి రోజే చెప్పులతో వెళ్ళాను. సెక్యూరిటీ గార్డు ఆపాడు.

"ఏంది సార్, చెప్పులేసుకొని వచ్చిన్రు? గిట్లయితే లోపలికి పంపరు."

"కాళ్ళు మండుతున్నాయండీ."

"నాకు మండుతలేవా? పొద్దుగాల ఆరింటి సంది గీ బూట్లల్లనే నిలబడ్డ. జర ఏమనుకోకుండ్రి సార్, నేను రాయకుంటె నా మీద రాస్తరు."

రాశాడు. తర్వాత తన స్టూలు లాబీలోని ఏసీ కిందికి జరిపి "జరసేపు కూసోండ్రి" అన్నాడు. కాళ్ళు మండుతున్నాయంటే కాళ్ళే మండుతున్నాయని ఆ టవర్‌లో అర్థం చేసుకున్నది ఆయనొక్కడే. అయినా రాసిన సంగతి నేను మరిచిపోలేదు.

మర్నాటి నుంచి బూట్లు. మధ్యాహ్నం మూడు దాటితే సీట్లో కూర్చోలేకపోయేవాణ్ణి. లేచి తిరిగేవాణ్ణి. "ఏంటండీ, కాలుగాలిన పిల్లిలా ఫ్లోరంతా తిరుగుతారు?" అన్నాడు మేనేజరు. "కరెక్టుగా చెప్పారు సార్" అన్నాను. అందరూ నవ్వారు. నేను జోకు వేశాననుకున్నారు. ఒకరోజు వెనక మెట్లదారిలో బూట్లు విప్పి, అరికాళ్ళు సిమెంటు మెట్టుకు ఆనించి ఏడ్చాను. అవమానానికి ఏడ్చానని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నొప్పికే ఏడ్చాను.

అప్పుడు హెచ్చార్ మేడమ్ దగ్గరికి వెళ్ళాను. చెప్పులకు అనుమతివ్వమని అర్జీ, దానికి జతగా డాక్టరు ఉత్తరం ముందే మెయిల్ చేశాను. తెరిచినట్టు లేదు.

"మేడమ్, నాకు మండుతోందండీ."

"ఎవరి మీద సార్?"

"ఎవరి మీదా కాదు. కింద."

"కిందివాళ్ళ మీదా? మీ టీమ్ మీదా?"

"అయ్యో, అది కాదండీ. మధ్యాహ్నం మూడింటికి సుర్రుమంటుంది."

"మూడింటికి మీకు క్లయింట్ కాల్ కదా?" అని ఏదో రాసుకుంది.

"అరికాలి నుంచి మొదలవుతుంది మేడమ్..."

"నెత్తికెక్కుతుందా?" అంది చాలా జాలిగా.

తెలుగులో ఒంటికి వచ్చే మంటకూ, ఒళ్ళు మండి వచ్చే కోపానికీ ఒకే మాట పెట్టినవాళ్ళెవరో గాని, వాళ్ళకు ఈ జబ్బు ఉండి ఉండదు. ఇక మాటలతో కాదని, పాదం చూపిద్దామని వంగి బూటు విప్పాను. విప్పినవాణ్ణి బూటు కింద పెట్టొచ్చు కదా. చేత్తో పట్టుకునే "చూడండి మేడమ్" అన్నాను. ఆవిడ కుర్చీతో సహా గోడదాకా వెనక్కి వెళ్ళింది.

సాయంత్రానికి ఫ్లోరంతా తెలిసింది, నేను హెచ్చార్ మీద చెప్పు తీశానని. చెప్పు కాదు, బూటు. చెప్పులు వేసుకోనిస్తే ఈ గొడవే లేదని చెప్పాను. దాన్నీ రాసుకున్నారు. నన్ను కోపం తగ్గించుకునే క్లాసుకు పంపారు. నాలుగు వారాలు, వారానికి రెండు గంటలు.

ఆ క్లాసు గది తలుపు దగ్గర బోర్డు ఉంది: పాదరక్షలు బయట విడవండి. లోపల ఏసీ గజగజలాడించేస్తోంది. చాప మీద కాళ్ళు చాపి కూర్చోమన్నారు. ఐదు నిమిషాల్లో మంట చల్లారింది. "కళ్ళు మూసుకుని మిమ్మల్ని బాధపెట్టినవాళ్ళందరినీ క్షమించండి" అంది క్లాసు చెప్పే ఆవిడ. నేను ఎవరినీ క్షమించలేదు. ముగ్గురు డాక్టర్లను, మేనేజరును, హెచ్చార్ మేడమ్‌ను, బత్తాయిలు తేని బంధువులను, వరుసగా, తీరిగ్గా తలుచుకున్నాను. పాదాలు చల్లగా ఉంటే పగ పెట్టుకోవడం ఎంత హాయిగా ఉంటుందో! నా మొహం వెలిగిపోయి ఉంటుంది. తోటివాళ్ళకు నన్నే ఉదాహరణగా చూపించింది ఆవిడ.

నాలుగో వారం రిపోర్టు వచ్చింది: ఉద్యోగిలో అద్భుతమైన మార్పు, సమస్య పరిష్కారమైంది. దాంతో నా చెప్పుల అర్జీని కూడా మూసేశారు. సమస్యే లేనప్పుడు చెప్పులెందుకు?

మళ్ళీ వెళ్ళాను. ఈసారి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

"మీరు క్లాసులో చాలా ప్రశాంతంగా ఉన్నారట సార్. అలాగే కంటిన్యూ చేయండి."

"అక్కడ బూట్లు లేవు మేడమ్! అందుకే ప్రశాంతం!"

"చూశారా, మళ్ళీ బూటే అంటున్నారు" అంది.

ఆ వారమంతా బూట్లతోనే వెళ్ళాను. గురువారం రైలు దిగి ఇల్లు చేరేసరికి బొటనవేలి పక్క చర్మం చిట్లింది. మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, చీర కూడా మార్చకుండా కింద కూర్చుని కట్టు కట్టింది. తిట్టలేదు. ఆవిడ తిట్టకపోతే నాకు భయం. చివరికి ఒక్కటే అంది: "ఆ బూట్లు ఇక నా కంటపడకూడదండీ. ఉద్యోగం సంగతి మీరు తేల్చుకోండి."

శుక్రవారం చెప్పులతో వెళ్ళాను. రిజిస్టరులో రెండోసారి నా పేరు ఎక్కింది. ఇంకొక్కసారి మిగిలింది. హెచ్చార్ మేడమ్ పైన ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసి ఆయనకు మూడు మెయిళ్ళు పెట్టాను. మూడింటికీ "మీ సందేశం మాకు ఎంతో ముఖ్యం" అని మెషీన్ జవాబిచ్చింది.

ఆ పెద్దాయన మీరే కదా అయ్యా, అందుకే ఈసారి మెయిల్లో కాకుండా కాగితం మీద మీకే రాస్తున్నాను. సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు చెప్పులతో గేటు దగ్గర ఉంటాను. గార్డు చేతిలో పెన్ను ఉంటుంది. మీరు కిందికి దిగి రండి, లిఫ్టు ఉంది. నా పాదాలు చూడండి, మెట్లెక్కి దిగే తంటా లేకుండా రైలే వాటిని సిద్ధం చేసి పంపుతుంది. చూసి, ఈ చెప్పులు వేసుకోవచ్చో కూడదో ఒక్క మాట, మెషీన్ చేత కాకుండా మీ చేత్తో, సంతకం పెట్టి రాసివ్వండి. ఏమంటారు?