మా గుమ్మం ముందు ఆరిన స్టారు

నా చిన్నప్పుడు పామర్రు దగ్గర మా పేటలో క్రిస్మస్ స్టారు అంటే మా తాతయ్యే చెయ్యాలి. వెదురు బద్దలు కట్టి, ఎర్ర గాజు కాగితం అతికించి, లోపల కొవ్వొత్తి నిలబెట్టడానికి ఒక డబ్బా మూత అమర్చేవాడు. చీకటి పడగానే క్యారల్స్ వాళ్ళు దాన్ని గెడకు కట్టి ముందు పట్టుకుని, ఇంటింటి దగ్గరా ఆగి పాడుతూ వెళ్ళేవారు. మా పేటకు అప్పటికింకా కరెంటు రాలేదు.

ఒక ఏడు మా ఇంటికి స్టారు కట్టలేదు. వానాకాలంలో జ్వరమొచ్చి మా చంటి తమ్ముడు పోయాడు. చావు జరిగిన ఇంట్లో ఆ ఏడాది పండగ చెయ్యరు. క్యారల్స్ వాళ్ళు కూడా ఆ ఇల్లు వచ్చేసరికి పాట ఆపి, తలవంచుకుని దాటిపోతారు. అది మర్యాద. ఆ మర్యాదే మా అమ్మను సగం తినేసిందని నాకిప్పుడు అనిపిస్తుంది. పగలంతా వరికోతకు పోయి, వచ్చి మాకింత వండి పెట్టి, గోడవైపు తిరిగి పడుకునేది. పిలిస్తే పలికేది కాదు. తను తినేదో లేదో, పుల్లలా అయిపోయింది. నాన్న కుప్పల కాపలాకు పొలంలోనే ఉండేవాడు. అమ్మ కూడా తమ్ముడి వెనకే వెళ్ళిపోతుందేమోనని నాకు ఒకటే భయం. ఆ భయం తాతయ్యకు చెప్పుకున్నాను. ఆయన చుట్ట పీకుతూ అంతా విని, "చూద్దాంలేవే" అన్నాడు, అంతే.

క్యారల్స్ బయల్దేరే రోజు సాయంత్రం తాతయ్య కొత్త కొవ్వొత్తిని కత్తితో కోసి, చిన్న ముక్కను స్టారులో పెట్టాడు. పెద్ద ముక్క జేబులో వేసుకున్నాడు.

"అదెంతసేపు వెలుగుద్ది తాతయ్యా?" అన్నాను.

"మనింటిదాకా వస్తే చాల్లే" అన్నాడు. ముసలాయన పిసినారితనం అనుకున్నాను.

ఆ రోజు గెడ తనే పట్టుకున్నాడు. ఒక ఇంటి దగ్గర తొందరపెట్టాడు, ఇంకో ఇంటి దగ్గర మరో పాట పాడమన్నాడు. మా ఇల్లు వచ్చింది. పాట ఆగింది. అందరూ తలవంచుకుని దాటబోతుండగా, సరిగ్గా మా గుమ్మం ముందు స్టారు ఆరిపోయింది. తాతయ్య గెడను కాస్త గట్టిగానే కుదిపినట్టున్నాడు.

"అమ్మాయ్, స్టారు ఆరిపోయింది. కాస్త దీపం పట్రామ్మా" అని లోపలికి కేకేశాడు.

అగ్గిపెట్టె ఆయన మొలలోనే ఉంది. ఆ మాటే చెప్పబోయాను. నోరు తెరిచేలోపే నా చెయ్యి నలిపేశాడు. గుంపులో ఇంకెవరూ అగ్గిపెట్టె తియ్యలేదు. వాళ్ళకు ముందే చెప్పి ఉంచాడో ఏమో.

లోపల్నుంచి చప్పుడు లేదు. అందరం చీకట్లోనే నిలబడ్డాం. అప్పుడు తల పైకెత్తితే చుక్కలు కనబడ్డాయి. మా చేతిలో వెలుగున్నంతసేపూ నేను వాటిని చూడనే లేదు. కోసిన పొలాల మీద ఆ కొసదాకా అవే. ప్రభువా, మా అమ్మ లేచేటట్టు చెయ్యి అని లోపల్లోపలే ప్రార్థన చేసుకున్నాను. ఎంతకీ ఎవరూ రాలేదు. తాతయ్య మాత్రం కదల్లేదు.

చివరికి తలుపు కిర్రుమంది. అమ్మ బుడ్డి దీపం పట్టుకుని వచ్చింది.

"చుట్ట తాగే మనిషి దగ్గర అగ్గిపెట్టె లేకపోవడమేంటి మావయ్యా" అంది. చాలా రోజులుగా వాడని గొంతు అది, సరిగ్గా పలకలేదు.

తాతయ్య గెడ కిందికి దించి, జేబులోంచి పెద్ద ముక్క తీసి ఇచ్చాడు. అమ్మ దాన్ని వెలిగించి స్టారులో నిలబెట్టింది. వెంటనే లోపలికి పోలేదు, ఆకాశంవైపు చూస్తూ ఉండిపోయింది.

"తమ్ముడు ఆ చుక్కల్లో ఉన్నాడా అమ్మా?" అని అడిగాను.

"చుక్కల్లో ఎందుకుంటాడే, వాటిని చేసినాయన దగ్గరుంటాడు" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు పోయాక అమ్మ ఏడవడం అదే మొదటిసారి. క్యారల్స్ వాళ్ళు మర్యాద మర్చిపోయి అక్కడే పాడారు. అమ్మ పాడలేదు కానీ, పాట అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడింది. మర్నాడు మామూలుగానే నీరసంగా కోతకు వెళ్ళింది. కాకపోతే ఆ రాత్రి మాతో కలిసి రెండు ముద్దలు తిన్నది.

ఈ ఏడు మా ఆయన పోయారు. విజయవాడలో ఈ ఫ్లాటులో నాకు లేవాలన్నా విసుగే, కూర్చోవాలన్నా విసుగే. స్టారును అటక మీదే ఉండనిచ్చాను. మొన్న సాయంత్రం ఎదురింటి అమ్మాయి వైరుతో సహా స్టారు పట్టుకొచ్చి, దగ్గరగా వేసి ఉన్న తలుపు కొట్టి తొంగిచూసింది. వాళ్ళది మా మతం కాదు, పిల్లలు ముచ్చటపడితే స్టారు కొన్నారట.

"మా ప్లగ్గు పనిచెయ్యట్లేదు ఆంటీ. మీ గుమ్మానికి కట్టుకుని, మీ ఇంట్లోంచి కనెక్షన్ ఇచ్చుకోమంటారా?" అంది.

వాళ్ళ వంటింట్లో మిక్సీ తిరుగుతున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. ఆ రోజు అమ్మకు కూడా అంతా తెలుసు. తెలిసే లేచి వచ్చింది.

"మిక్సీ తిరిగే ఇంట్లో కరెంటు లేకపోవడమేంటమ్మాయ్" అన్నాను, మోకాళ్ళు పట్టుకుని లేచి వైరు అందుకుంటూ.