డెబ్బై ప్యాంట్లు, రెండు కుప్పలు

2004 ఆషాఢంలో జరిగిందిది. రాయదుర్గంలో ముప్పై మిషన్లున్న ఒక జీన్స్ యూనిట్లో నేను టైలర్‌ను. ఆషాఢమంటే మా వైపు వాన కాదు, గాలి. వీధిలోని దుమ్మంతా ఎత్తుకొచ్చి కుట్టే గుడ్డ మీద పోసి పోతుంది.

నేను చదివింది ఐదో తరగతి. ఈ పనికి రాకముందు మా చేన్లో శెనక్కాయ కలుపు తీసేదాన్ని. అందరూ ఒక సాలు పట్టి చివరిదాకా పోతే, నేను నా సాలు సగంలో వదిలి ఇంకొకరి సాల్లో తేలేదాన్ని. ఎప్పుడు దాటానో నాకే తెలిసేది కాదు. "దీనికి కాళ్ళే గానీ మతి లేదు" అనేది మాయమ్మ. పొయ్యి మీద పాలు పెట్టి వాకిట్లోకి పోతే, ఆ పాలు పొంగాయని పక్కింటివాళ్ళు వచ్చి చెప్పాలి. వరసగా కరువులొచ్చి చేను బీడు పడ్డాక, నేనూ మా ఆయనా రాయదుర్గం చేరాం. ఆయన వాషింగ్ పనికి, నేను కుట్టుపనికి.

జీన్స్ పని తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. ప్యాంటు ఒక్కరే కుట్టరు. మిషన్లన్నీ వరసగా ఉంటాయి, ఆ వరసను లైన్ అంటారు. ఒకరు జేబు, ఒకరు జిప్పు, ఒకరు బెల్టు లూపులు, ఇలా ఒక్కొక్కరిది ఒక్కో ఆపరేషన్. పొద్దున కూర్చున్న మనిషి సాయంత్రం దాకా ఆ ఒక్క కుట్టే వేస్తూ ఉండాలి. కటింగ్ మాస్టర్ గుడ్డ తాన్లు పరిచి కత్తిరించి, ఒక తానులో తెగిన ముక్కలన్నీ కలిపి కట్ట కట్టి చీటీ పెడతాడు. అది బండిల్. చీటీలో తాను నంబరు ఉంటుంది. ఎందుకంటే ఒక్కో తానుది ఒక్కో షేడ్, అంటే రంగులో చిన్న తేడా. కుట్టేటప్పుడు అన్నీ ఒకటే నీలంగా కనిపిస్తాయి. రాళ్ళేసి ఉతికితే గానీ ఆ తేడా బయటపడదు. అందుకే ఒక బండిల్ ముక్క ఇంకో బండిల్లో కలవకూడదు. ఆ పనిలో అంతకు మించిన తప్పు లేదు.

నేను చేసేది సరిగ్గా ఆ తప్పే. అప్పటికే రెండు యూనిట్లలో పొమ్మన్నారు, కాకపోతే సరుకు వాషింగ్‌కు పోకముందే పట్టుకున్నారు గనక పేరు బయటికి రాలేదు. లూపుల దగ్గర కూర్చోబెడితే గంటకే నా ఒంట్లో చీమలు పారేవి. పక్క మిషన్లో దారం తెగిన చప్పుడు వినిపిస్తే చాలు, లేచిపోయేదాన్ని. ఆ దారం ఎక్కించి, అటు ఇంకెవరికో సూది మార్చి వచ్చేసరికి నా ముందు ఏ బండిల్ ఉండిందో గుర్తుండేది కాదు. అయితే అలా తిరిగి తిరిగి మూడేళ్ళలో లైన్లో ఉన్న ప్రతి మిషనూ నేర్చుకున్నాను. కూర్చున్నవాళ్ళకు తమ కుట్టొక్కటే తెలుసు. నాకు ప్యాంటంతా తెలుసు. దాన్ని విద్య అని ఎవరూ అనలేదు. నిలకడ లేనిది అన్నారు.

ఈ మూడో యూనిట్ సూపర్‌వైజర్ బాషన్న. మంచివాడే, నోరే కొంచెం పదును. నన్ను సైడ్ జాయింట్ మీద కూర్చోబెట్టాడు. ప్యాంటు ముందుభాగాన్ని వెనకభాగంతో కలిపే కుట్టది. నేను లేచినప్పుడల్లా, "ఏమ్మే సుంకమ్మా, కుర్చీకి ముండ్లుండాయా?" అని లైనంతా వినబడేలా అడిగేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని.

ఒక బుధవారం వాషింగ్ నుంచి సరుకు తిరిగొచ్చింది. అందులో డెబ్బై ప్యాంట్లు ఒక్కొక్కటీ రెండు రంగుల్లో ఉన్నాయి. బళ్ళారి వ్యాపారికి శనివారం పంపాల్సిన సరుకు. ఓనరు నాగరాజన్న ఒక ప్యాంటు ఎత్తి చూసి, కింద పడేసి ఒకే మాట అడిగాడు, సైడ్ జాయింట్ మీద ఎవరున్నారని. ముప్పై తలలు నా వైపు తిరిగాయి.

బాషన్న తలకొట్టుకున్నాడు. నన్ను లైన్లో పెట్టుకుంటే ఇంతేనని, ముందే చెప్పానని అన్నాడు. రేపట్నుంచి మిషను ముట్టొద్దని, కింద కూర్చుని దారాలు కత్తిరించమని నాగరాజన్న తేల్చేశాడు. దారాల పనంటే ముసలివాళ్ళకూ కొత్తవాళ్ళకూ ఇచ్చేది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటుంది. రాయదుర్గంలో ఒక యూనిట్లో షేడ్ కలిపిన టైలర్ అని పేరు పడితే, వారం తిరక్కుండా అన్ని యూనిట్లకూ తెలిసిపోతుంది. ఆ తర్వాత ఈ ఊళ్ళో నన్ను మిషను మీద ఎవరూ కూర్చోనివ్వరు. చేను పోయి వచ్చినదాన్ని. ఇక పోయేదానికి చోటు లేదు.

నిజం చెప్పాలంటే ముందు నేను కూడా ఒప్పేసుకున్నాను. నేను చేయలేదని ఎలా చెప్పను? చేశానో లేదో నాకే గుర్తు లేదు. ఇలాంటి మతి ఉన్నవాళ్ళకు ఉండే కష్టం ఇదే. ఎవరు ఏ తప్పు తెచ్చి మీద వేసినా, నేనే అయ్యుంటానులే అనిపిస్తుంది. పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే కదా. తల వంచుకుని, కత్తెర కోసం చెయ్యి కూడా చాపాను.

అప్పుడు నా కన్ను కింద పడున్న ప్యాంటు మీద పడింది. ముందువైపు కుడికాలు ముదురుగా ఉంది, ఎడమకాలు వెలిసినట్టు ఉంది. అది చూసి నా చెయ్యి ఆగిపోయింది.

"అన్నా, ఆ డెబ్బై ఒకసారి నాకు చూపీ" అన్నాను.

"చూసేదేముండాది?" అన్నాడు బాషన్న. "చేసిన పెండ్లికి నువ్వే సాక్ష్యమా?"

"తప్పు నాదంటాండావు కదా. నా తప్పు నేను చూడల్ల. చూడకుండా దారాలకు కూసునేది లేదు."

నేనే గోతం లాగి నేల మీద కుమ్మరించాను. ఒక్కొక్క ప్యాంటూ తిప్పి చూసి రెండు కుప్పలు వేశాను. అంతసేపు ఒక్కచోటు నుంచి లేవలేదు, పక్కకు చూడలేదు. నన్ను ఎరిగినవాళ్ళు అదొక వింతగా చూశారు.

చివరికి చిన్న కుప్పలో పన్నెండు, పెద్ద కుప్పలో యాభై ఎనిమిది తేలాయి. పెద్ద కుప్పలోంచి ఒకటి తీసి నాగరాజన్న ముందు పరిచాను.

"అన్నా, నేను కలిపేది ముందును ఎనకతో. ముందుభాగం రెండు ముక్కలూ నా కాడికి వచ్చేతలికే జిప్పు కాడ కలిసిపోయుంటాయి. నేను కలిపి చెడిపితే ముందొక రంగు, ఎనకొక రంగు కావల్ల. ఇవి యాభై ఎనిమిదీ చూడు, ముందువైపే కుడికాలొకటి, ఎడమకాలొకటి. ఇది నా మిషనుకు రాకముందే అయిపోయింది."

తర్వాత చిన్న కుప్ప చూపించాను. వాటిలో ముందుభాగమంతా ముదురు, వెనకభాగమంతా లేత.

"ఈ పన్నెండూ నావే. ఎవరి దారమో ఎక్కిచ్చేకి లేసింటా, వచ్చి ఇంకో బండిల్ పట్టుకోనుంటా. వీటిని నేనే విప్పి, మళ్ళా కుడతా. ఆ యాభై ఎనిమిది మాత్రం నా నెత్తిన ఎయ్యొద్దు."

బాషన్న రెండు కుప్పలనూ మార్చి మార్చి చూశాడు. ఇరవై ఏళ్ళ అనుభవం ఆయనది. ఈ లెక్క ఆయనకు తెలియక కాదు, చూడలేదంతే. దోషి పేరు ముందే సిద్ధంగా ఉంటే ఇక సరుకు చూసే పనేముంది?

జిప్పు వేసే షమీమ్ ముఖం తెల్లబోయింది. ఇప్పుడు నింద తన మీదికి వస్తుందని ఆమె భయం. అంతలో వెనక కటింగ్ టేబుల్ దగ్గర నుంచి తిప్పేస్వామి మాస్టర్ లేచొచ్చాడు. తలనెరిసిన మనిషి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు.

"ఆ యమ్మినేమీ అనొద్దు" అన్నాడు షమీమ్‌ను చూపించి. "మొన్న కరెంటు పోయిందని కిటికీలు తీసినా. కట్టలు కట్టకముందే గాలికి కుడి, ఎడమ ముందుముక్కల కుప్పల మీది చీటీలు లేసిపోయినాయి. ఏరి, అందాజుగా పెట్టినా."

"ఇంతసేపు నోరేమైంది మాస్టరూ?" అన్నాడు నాగరాజన్న.

మాస్టర్ నా వైపు చూడలేకపోయాడు. అందరూ సుంకమ్మే అంటుంటే తనకూ అలాగే అనిపించిందని చెప్పాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. నాకే అలా అనిపించినప్పుడు ఆయననేమనాలి?

నాగరాజన్న సరే, పోయి నీ మిషన్లో కూర్చోమన్నాడు. అక్కడితో ఆగొచ్చు. కానీ ఆ రోజు ఆగాలనిపించలేదు.

"కూసోనన్నా. కూసుంటే రేపు మళ్ళా పన్నెండయితాయి. నీ లైన్లో కూసునేటోళ్ళు ముప్పైమంది ఉండారు, తిరిగేటోళ్ళు ఒగరూ లేరు. నన్ను తిరగనీ. ఏ మిషను ఖాళీ అయితే దాంట్లో కుడతా. ముక్కలు జిప్పుకు పోకముందు చూస్తా, సైడ్ జాయింటుకు పోకముందు చూస్తా. షేడ్ తప్పితే అప్పుడడుగు."

"కూసోలేనిదానికి తిరిగే ఉద్యోగమంట" అని బాషన్న నవ్వాడు. "బాగుండాదే."

"బాగుండేదే అడిగినా" అన్నాను. ఈసారి లైన్ నవ్వింది నాతో కలిసి.

శనివారానికి డెబ్బైలో అరవై ఆరు విప్పి, రంగుకు రంగు జతచేసి కుట్టి పంపాం. నాలుగు పనికిరాకుండా పోయాయి. సోమవారం నుంచి నేను తిరిగాను. చీటీల్ని నమ్మకుండా ప్రతి ముక్క వెనకా తాను నంబరు చాక్‌పీసుతో రాయించాను. మాస్టర్ మొదట గొణిగాడు, తర్వాత ఆయనే రాశాడు. నా మతిని మాత్రం నేను మార్చుకోలేదు, మారదు కూడా. సగంలో వదిలిన పని ఒక్కోదానికి కొంగుకొక పిన్నీసు గుచ్చుకునేదాన్ని. కొంగుకు పిన్నీసులుంటే ఇంటికి పోకూడదు, అదే నా చట్టం. 2008 నాటికి యూనిట్ పెరిగి, రెండు లైన్లు నా చేతికిచ్చారు.

ఆ మధ్యలోనే మా చిన్నమ్మాయి బళ్ళో కుదురుగా కూర్చోదని బళ్ళారిలో డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన పాప గురించి అడుగుతుంటే ప్రతిదానికీ "నేనూ అంతే సార్" అంటూ పోయాను. ఆయన నవ్వి, దీన్ని ఏడీహెచ్‌డీ అంటారని, పెద్దవాళ్ళలోనూ ఉంటుందని, శ్రద్ధ తక్కువ కావడమని చెప్పాడు. శ్రద్ధ తక్కువ లేదు సార్, చెప్పినచోట నిలవదు, దానికి నచ్చినచోట నిలిస్తే ఎవరు పిలిచినా కదలదు అన్నాను. అదీ నిజమేనన్నాడు. పాపను మందలించడం ఆ రోజుతో మానేశాను.

చాలామంది కొత్త పిల్లలు నా లైన్లోకి వచ్చారు. వాళ్ళలో లేచి తిరిగేవాళ్ళు, మరచిపోయేవాళ్ళు ఉంటారు. తప్పు జరగ్గానే ముందు వాళ్ళే తల వంచుతారు. ఆ వంచిన తల చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తప్పు చేయొద్దని నేను వాళ్ళకు చెప్పను, చేస్తారు, నేనూ చేస్తాను. మనకు గుర్తు లేకపోవడం, మనం తప్పు చేసినట్టు సాక్ష్యం కాదని చెప్తాను. తల ఎత్తి సరుకు చూపించమని అడగమంటాను. తప్పు నీదైతే విప్పి కుట్టు, నీది కాకపోతే ముట్టుకోవద్దు.