పిల్లలు చూడొచ్చా, సూదక్కా?

మా పెద్దమ్మ ఇరవై మూడేళ్లు సముద్రం మీద ఉద్యోగం చేసింది గానీ ఆవిడకి ఈత రాదు. "ఓడ మునిగితే ఏం చేస్తావు పెద్దమ్మా?" అని చిన్నప్పుడు నేనడిగితే, "అందరితో పాటు నేనూ మునుగుతాను. నా కత్తెర మాత్రం ఎవరికీ ఇవ్వను" అనేది.

అది యాత్రికుల్ని రేవు నుంచి రేవుకి తిప్పే పెద్ద ఓడ. అందులో నాలుగొందల మంది పట్టే నాటకశాల ఒకటుండేది. అక్కడ పాటల నాటకాలు ఆడేవారు. పెదనాన్న పోయిన ఏడాదికి, నాలుగేళ్ల కూతుర్ని మా అమ్మ ఒళ్లో పెట్టి, పెద్దమ్మ ఆ నాటకశాలలో దర్జీగా చేరింది. ఎనిమిది నెలలు నీళ్ల మీద, నాలుగు నెలలు మా ఇంట్లో. ఆ కూతురే మా అక్క. నాకన్నా రెండేళ్లు పెద్దది.

పెద్దమ్మ ఇంటికొచ్చిన రోజు మాకు పండగే. పెట్టె మూత తీయగానే ఇస్త్రీ వాసనా, మిషను నూనె వాసనా కలిసి గది నిండా పరుచుకునేవి. మేమిద్దరం చెరో పక్కన చేరి ఓడ కబుర్లు చెప్పించుకునేవాళ్లం. స్టేజీ కిందే ఆవిడ గది. మూడంగలు వేస్తే గోడ తగిలేది. కుట్టుమిషను బల్లకీ, బల్ల నేలకీ బిగించి ఉండేవి. ఓడ ఒరిగినప్పుడల్లా కొయ్యలకి వేలాడదీసిన బట్టలన్నీ ఒక్కసారే ఒక పక్కకి వాలేవిట, ఎవరో పెద్దమనిషి గదిలోకి వస్తే అందరూ వంగి దండం పెట్టినట్టు. జాలరి భార్యగా లోపలికొచ్చిన నటి నలభై సెకన్లలో రాణీగారై బయటికెళ్లాలి. ఒక హుక్కు తెగినా కొంప మునిగినట్టే. అందుకని పెద్దమ్మ కాలరుకి ఎప్పుడూ దారం ఎక్కించిన సూదులు నాలుగైదు గుచ్చి ఉండేవి. వాటివల్లే ఓడ మీద ఆవిడ సూదక్క అయింది. అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఎక్కడా మిగల్లేదు.

ఏడేళ్లు అలా గడిచాక మిషను సూది విరిగి, ఆ ముక్క ఎగిరొచ్చి కుడికంటికి తగిలింది. కన్ను దక్కింది గానీ చూపు పలచబడింది. సన్నపని చెయ్యొద్దన్నారు డాక్టరు. మేనేజరు ఆవిడని పంపించెయ్యలేదు. నాటకశాల తలుపు దగ్గర నిలబెట్టాడు. చిన్న టార్చిలైటు పట్టుకుని, వచ్చినవాళ్లని వాళ్ల కుర్చీల దాకా తీసుకెళ్లడం పని. "సూదిలోకి దారం ఎక్కించలేనిదాన్ని, కుర్చీల్లోకి మనుషుల్ని ఎక్కిస్తున్నాను" అని మా అమ్మకి ఉత్తరం రాసింది. అమ్మ ఆ ఉత్తరం చదివి కళ్లు తుడుచుకోవడం నాకు గుర్తే.

తలుపు దగ్గర నిలబడ్డ మొదటి రోజే ఆవిడకి తెలిసింది, తల్లిదండ్రులందరూ అడిగే ప్రశ్న ఒక్కటేనని. "మా పిల్లలు చూడొచ్చా అండీ?"

జవాబు మేనేజరు ముందే నేర్పించాడు. "ఐదేళ్లు దాటితే నిక్షేపంగా చూడొచ్చు" అనాలి. పెద్దమ్మ దానికి సొంతంగా ఒక మాట కలిపేది. అప్పట్లో ఆడుతున్న నాటకంలో ఒక జాలరి, అతని భార్య, వాళ్ల కూతురు. తుపాను రాక్షసుడొచ్చి భార్యని తీసుకుపోతాడు. ఆ రాక్షసుడి తల కుట్టింది పెద్దమ్మే. అందుకని, "మధ్యలో రాక్షసుడొస్తాడు, అప్పుడు మాత్రం పిల్లల చెయ్యి పట్టుకోండి" అని చెప్పేది.

ఒక సాయంత్రం ఒక తాతగారు మనవరాలితో వచ్చారు. ఇస్త్రీ చేసిన కోటు, చేతిలో పిల్ల స్వెట్టరు. ఆయనా అదే అడిగారు. పెద్దమ్మా అదే చెప్పింది.

ఆ పిల్ల తలెత్తి, "నాకు రాక్షసులంటే భయం లేదు" అంది.

"అయితే భయం తాతగారికేమో. నువ్వే ఆయన చెయ్యి పట్టుకో" అంది పెద్దమ్మ.

రాక్షసుడు రానే వచ్చాడు. తక్కిన పిల్లలు కొందరు అమ్మల ఒళ్లో తలలు దాచుకుంటే, ఈ పిల్ల లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడి మురిసిపోయింది.

రెండో అంకంలో జాలరి భోజనానికి మూడు కుర్చీలు వేస్తాడు. తర్వాత గుర్తొస్తుంది, కూర్చునేది ఇద్దరేనని. ఖాళీ కుర్చీని చూస్తూ ఒక పాట పాడి, ఆఖర్న దాన్ని ఎత్తి పక్కకి తీసుకుపోవాలి. అతను కుర్చీ ఎత్తాడో లేదో, ఐదో వరసలోంచి ఒక కేక వినిపించింది.

"తియ్యొద్దు! ఆ కుర్చీ తియ్యొద్దు!"

నాలుగొందల మందీ కొయ్యబారిపోయారు. కుర్చీ చేతిలో పట్టుకుని జాలరి అలాగే నిలబడిపోయాడు. వాయిద్యాలవాళ్లు ఏం చెయ్యాలో తోచక అదే చరణం మళ్లీ మొదలుపెట్టారు. పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. అప్పుడా నటుడు ఒక్క క్షణం ఆలోచించి, కుర్చీని మెల్లగా ఎక్కడిదక్కడే దించి, దాని వీపు మీద చెయ్యి వేసి పాట పూర్తిచేశాడు.

ఈలోగా పెద్దమ్మ టార్చి వేసుకుని పరుగున వెళ్లి పిల్లని బయట నడవాలోకి ఎత్తుకొచ్చింది. వెనకే తాతగారు.

"రాక్షసుణ్ని చూసి జడుసుకున్నావా తల్లీ? రా, వాడి తల చూపిస్తాను. లోపలంతా దూదే" అంది పెద్దమ్మ.

"రాక్షసుడు కాదు. కుర్చీ."

"ఏ కుర్చీ అమ్మా?"

"మా అమ్మ కుర్చీ. తాతయ్య తీసేశాడు. మేడమీద గదిలో పెట్టి తలుపేసేశాడు."

తాతగారి మొహం పాలిపోయింది. పెద్దమ్మ వైపు తిరిగి, "చూసినప్పుడల్లా బెంగపడుతుందని తీశానమ్మా. నా కూతురు పోయి ఐదు నెలలైంది. ఈ పిల్ల ఒక్కసారి కూడా ఏడవలేదు. మర్చిపోతోంది, మంచిదే అనుకున్నాం" అన్నారు.

"అమ్మ మాటెత్తితే నువ్వు బయటికెళ్లిపోతావుగా తాతయ్యా" అంది పిల్ల.

ఆయన నడవాలో ఉన్న మెట్టు మీద కూలబడ్డారు. పెద్దమ్మ వెళ్లి కాగితం గ్లాసులో నీళ్లు తెచ్చిచ్చింది. సగం పిల్ల తాగింది, సగం ఆయన తాగారు. కాసేపటికి పిల్ల ముక్కు ఎగబీల్చి, "తర్వాతేమైంది?" అంది. ముగ్గురూ తలుపు పక్కన గోడకానుకుని నాటకం చివరిదాకా చూశారు. ఆ పిల్ల తాతగారి కోటు జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడిందని పెద్దమ్మ ఎన్నిసార్లు చెప్పిందో!

మర్నాడు మేనేజరు పిలిపించాడు. మనిషి పొడుగు, మాటకోసారి గడియారం చూసుకుంటాడు. వెనకాల అందరూ గంటస్తంభం అనేవారు.

"రెండు ఫిర్యాదులొచ్చాయి సూదక్కా. హాయిగా నాటకం చూద్దామని వస్తే పిల్లల ఏడుపులేమిటని. పన్నెండేళ్ల లోపు పిల్లలకి ప్రవేశం లేదని బోర్డు పెట్టేస్తున్నాను."

"ఆ పిల్ల భయపడి ఏడవలేదు సార్."

"ఎందుకేడిస్తే నాకెందుకు? ఏడ్చిందా లేదా?"

"ఏడ్చేవాళ్లు రాకూడదంటే పెద్దవాళ్లకీ బోర్డు పెట్టాలి. ఆ పాట దగ్గర రుమాళ్లు తీసేది వాళ్లేగా!"

గంటస్తంభం గడియారం చూసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా బోర్డు వేలాడింది.

ఆ వారమే మా అమ్మకి ఒక ఉత్తరం వచ్చింది. జరిగిందంతా రాసి, అడుగున పెద్దమ్మ ఇలా అడిగింది. "నేను లేనప్పుడు నా కంచం ఎక్కడ పెడుతున్నావే? నిజం చెప్పు."

అమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. పెద్దమ్మ ఓడెక్కిన ప్రతిసారీ ఆవిడ కంచం అటకమీద పెద్ద గిన్నెల వెనక దాచేసేది అమ్మ. మొదటి ఏడాది అక్క ఆ కంచం పట్టుకుని గుమ్మంలో కూర్చునేదట, అది చూడలేక. ఆ ఉత్తరం వచ్చేనాటికి అక్కకి పదకొండేళ్లు. అయినా దాచడం అలవాటైపోయింది. అమ్మ స్టూలెక్కి కంచం దించి, దుమ్ము కడిగి, మా కంచాల మధ్యలో పెట్టింది.

సాయంత్రం భోజనాల దగ్గర అక్క దాన్ని చూసింది. తన కంచం పక్కకి పెట్టి, వాళ్లమ్మ కంచంలో వడ్డించుకుంది. రెండు ముద్దలు తిన్నాక మెల్లగా అడిగింది. "పిన్నీ, అమ్మ ఇప్పుడు ఏ రేవులో ఉంటుంది?"

అంతకుముందు అక్క వాళ్లమ్మ గురించి భోజనాల దగ్గర ఎప్పుడూ అడిగేది కాదు. అమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టి, కూర్చుని, ఉత్తరంలో ఉన్నదంతా చెప్పింది. ఆ రోజు నుంచీ పెద్దమ్మ ఉత్తరాలు మా ఇంట్లో అందరి ముందూ పైకి చదవడం మొదలైంది.

అక్కడ ఓడ మీద బోర్డు రెండు ప్రయాణాల కంటే ఎక్కువ నిలవలేదు. మొదట గోల పెట్టింది రాక్షసుడి వేషగాడే. చూడ్డానికి మనిషి కొండంత, మనసు వెన్న. "నేనొస్తే ఒక్కరూ జడుసుకోరు సూదక్కా! నిన్న ముందు వరసలో ఒకాయన ఆవులించాడు. రాక్షసుడికి ఇంతకన్నా అవమానం ఉంటుందా?" అన్నాడు. నవ్వాల్సిన చోట నవ్వు రావడం లేదనీ, పిల్లలు నవ్వితేనే పెద్దలు నవ్వుతారనీ తక్కిన నటులూ అన్నారు. పెద్దమ్మ రాక్షసుణ్ని వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్లింది.

"పిల్లల కోసం మధ్యాహ్నం మూడింటికి ఒక ఆట వేయించండి సార్. దీపాలు పూర్తిగా ఆర్పొద్దు. తలుపు తీసే ఉంచుదాం. తెర లేవకముందు నాటకంలో ఏముందో నేను చెప్తాను. ఉండాలో వెళ్లాలో వాళ్లే చూసుకుంటారు."

"ఎంతసేపు చెప్తావు?"

"ఐదు నిమిషాలు."

"నాలుగు" అన్నాడు గంటస్తంభం.

అలా మా పెద్దమ్మ, పెళ్లిలో కూడా నలుగురి ముందు నోరు విప్పని మనిషి, తెర ముందు నిలబడింది. కాళ్లు వణుకుతుంటే అది ఓడ ఊగడమే అనుకోండర్రా అని పిల్లలకి చెప్పిందట. తర్వాత అంది. "ఇందులో ఒక రాక్షసుడొస్తాడు. తల దూదితో నేనే కుట్టాను. లోపలున్నాయన బిస్కట్లంటే పడిచస్తాడు. తర్వాత ఒకమ్మ చనిపోతుంది. ఏడుపొస్తే ఏడవండి, ఎవరూ ఏమీ అనరు. ఉండలేకపోతే తలుపు దగ్గర నేనుంటాను, నా దగ్గరికి వచ్చెయ్యండి."

ముందు వరసలో ఒక పిల్లాడు, "ఆ అమ్మ మళ్లీ వస్తుందా?" అన్నాడు.

"రాదు నాన్నా. ముందే చెప్పేస్తున్నాను. కానీ పాటలు బాగుంటాయి."

పిల్లలు నవ్వారు. ఒక తండ్రి మాత్రం తన ఇద్దరు పిల్లల్నీ లేపి, "చావు గురించి వీళ్లకిప్పుడెందుకండీ?" అంటూ బయటికి నడిచాడు. పెద్దమ్మ ఆపలేదు. "మీ పిల్లలు మీకు తెలిసినట్టు నాకు తెలియరు బాబూ" అని తలుపు తీసి పట్టుకుంది. ఎవరైనా వెళ్లిపోతే తప్పుపట్టడం ఆవిడకి ఎప్పుడూ చేతకాలేదు.

మధ్యాహ్నం ఆట నిలదొక్కుకుంది. కొన్నాళ్లకి కొత్త నాటకం ఏది తయారైనా మేనేజరు ఆవిడని ముందు వరసలో కూర్చోబెట్టి, "పిల్లలు చూడొచ్చా, సూదక్కా?" అని అడిగేవాడు. ఒకసారి మంచి హాస్య నాటకం తయారైంది. రాక్షసుల్లేరు, చావుల్లేవు, అంతా నవ్వులే. పెద్దమ్మ వద్దంది. మేనేజరు తెల్లబోయాడు.

"ఇందులో ఏముందని?"

"నత్తివాడు నోరు తెరిచినప్పుడల్లా నవ్వమంటున్నారు సార్. నత్తి ఉన్న పిల్లాడొకడు హాల్లో ఉంటే వాడేమైపోవాలి? చావు చూపించండి, తట్టుకుంటారు. ఇది వద్దు."

వారం తర్వాత ఆ పాత్రని నత్తి లేని మతిమరుపువాడిగా మార్చి రాశారు. "మతిమరుపు పర్వాలేదా?" అని గంటస్తంభం అడిగితే, "అది మీకూ నాకూ ఉన్నదే కదా" అందట.

పదహారేళ్లు ఆవిడ ఆ తలుపు దగ్గర నిలబడింది. ఓడ పాతబడ్డాక నాటకశాల తీసేసి దుకాణాలు పెట్టాలని యజమానులు నిర్ణయించారు. ఆఖరి మధ్యాహ్నం బయట ఒకటే వాన, సముద్రం అల్లకల్లోలంగా ఉంది, సగం మంది కడుపులో తిప్పి గదుల్లోనే పడుకున్నారు. ఆ రోజు మళ్లీ జాలరి నాటకమే. పదకొండు మంది పిల్లలొచ్చారు. పెద్దమ్మ వాళ్లకీ నాలుగు నిమిషాలూ చెప్పింది. నటులు హాలు నిండినప్పటిలాగే ఆడారు. తెర పడ్డాక రాక్షసుడు తల తీసి ఆవిడ చేతిలో పెట్టి, వెక్కివెక్కి ఏడ్చాడట.

అక్కా నేనూ రేవుకెళ్లి ఆవిడని తీసుకొచ్చాం. మెట్లు దిగగానే రెండడుగులు తూలి, "ఈ నేలేమిటే, అస్సలు కదలదు!" అని విసుక్కుంది. అక్క నవ్వుతూ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

తర్వాత తొమ్మిదేళ్లు అక్క దగ్గరే ఉంది. కళ్లు సరిగా కనిపించకపోయినా దిండు గలీబులు కుట్టేది, లావు సూదితో, వంకర కుట్లతో. కుడుతూ ఆ నాటకాల పాటలు పాడేది. శ్రుతి అసలు కుదిరేది కాదు. చరణాలు మర్చిపోయిన చోట "ఇక్కడ రాణీగారు బట్టలు మార్చుకుంటోంది" అని చెప్పి, నలభై దాకా లెక్కపెట్టి, మళ్లీ అందుకునేది.

మేం ఆ నాటకాల్లో ఒక్కటీ చూడలేదు. అయినా అక్కకీ నాకూ మూడు నాలుగు పాటలు మొదట్నుంచి చివరిదాకా వచ్చు. ఎప్పుడైనా వంటింట్లో ఇద్దరం కలిస్తే పాడుకుంటాం, పెద్దమ్మ పాడిన ఆ తప్పు శ్రుతిలోనే. సరైన శ్రుతి ఏమిటో మాకు తెలియదు మరి.