కొబ్బరితోటలో వన్స్ మోర్

మొన్న సాయంత్రం మా ఉల్లిపాయల కొట్టులో బేరాలు సాగలేదు. కొట్టు తెరిచే ఉంది, లారీ వచ్చి ఆగింది, కానీ కాటా దగ్గర ఒక్కరూ లేరు. అందరం గోడకున్న టీవీ ముందు చేరాం. టీవీలో టాంజానియా దేశపు స్టేడియం ఒకటి, ఇసకేస్తే రాలనంత జనం. స్టేజీ మీద తెల్లబట్టల్లో ఒకడు, ఊపిరి తీసుకుంటున్నాడా లేదా అని మనకి బెంగపుట్టేంత జోరుగా పాడుతున్నాడు. జనం వాడితో పాటు ప్రతి మాటా అంటున్నారు. నాకు కాలు ఒకచోట నిలవలేదు.

"ఆ అబ్బాయి మా మేడమీద గదిలో ఉండేవాడండి" అని కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను.

"ఇంక ఊరుకోవే. ఊరందరికీ చెప్పేశావు" అన్నారు మా ఆయన.

"ఇంకా సగం తాడేపల్లిగూడెం మిగిలిందండి" అన్నాను.

గొప్పలు కాకపోతే మరేమిటి! వాళ్ళ ఊళ్ళో వాడి బొమ్మ లేని బస్సు లేదట. ఇక్కడ చదువు ముగించుకుని వెళ్ళాక మొదట్లో పెళ్ళిళ్ళలో పాడాడు, రాత్రిళ్ళు హోటళ్ళలో పాడాడు. రేడియోవాళ్ళు పిలిచారు. పక్క దేశాలవాళ్ళు పిలిచి బహుమతులిచ్చారు. ఇప్పుడు సొంత స్టూడియో ఉంది, కొత్త కుర్రాళ్ళ చేత పాడిస్తున్నాడు. పాట పూర్తయిందంటే ముందు నా ఫోనుకి పంపిస్తాడు. స్వాహిలి భాష నాకు ఒక్క ముక్క రాదు. అయినా బాగోలేకపోతే బాగోలేదని మొహమాటం లేకుండా చెప్పేస్తాను. "మీరు చెప్పారు కదా, తీసేస్తానండి ఆంటీ" అంటాడు. తీసెయ్యడనుకోండి.

ఇదంతా అసలు జరగకుండా పోయేదే. ఆ సంగతి వాడికీ నాకూ మాత్రమే తెలుసు.

ఊరిబయట ఇంజనీరింగ్ కాలేజీలో చదవడానికి వచ్చి, హాస్టలు పడక మా మేడమీద గదిలో దిగాడు. పొడుగ్గా, నెమ్మదిగా, అడుగు చప్పుడు కాకుండా నడిచేవాడు. వచ్చిన కొత్తలో తెలుగంతా మా వీధిలోనే నేర్చుకోవడంతో, గేటు దగ్గర పడుకున్న కుక్కని కూడా "కొంచెం లేవండి" అనేవాడు. అంత నెమ్మదస్తుడూ తెల్లారేసరికి డాబా ఎక్కి ర్యాప్ మొదలెట్టేవాడు. మొదటిరోజు మా మావయ్యగారు పూజగదిలోంచి తొంగిచూసి, "ఆ అబ్బాయికి ఏమైనా నొప్పి చేసిందేమో చూడమ్మా" అన్నారు. నేను పైకెళ్ళి చీవాట్లు పెట్టాను. మర్నాడు గొంతు తగ్గించాడు, ఆ మర్నాడు మళ్ళీ మామూలే. కొన్నాళ్ళకి ఆ చప్పుడు లేకపోతే నాకు కాఫీ దిగేది కాదు.

ఒకసారి స్నేహితుడి బండి మీద కొల్లేరు చూసి వచ్చాడు. మెట్ల మీదే కూర్చుండిపోయాడు.

"మా ఊరూ ఇంతేనండి ఆంటీ. పడవలు, చేపలు, ఆ వాసన. మా సరస్సుకి అవతలి గట్టు కనపడదండి, అంతేనండి తేడా" అన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. ఇల్లు గుర్తొచ్చిందని నాకు అర్థమైంది.

చివరి సంవత్సరం కార్తీకమాసంలో ఒకరోజు వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఆపేస్తున్నానండి" అన్నాడు.

"ఏం ఆపేస్తున్నావు?"

"పాడడం అండి."

వాళ్ళన్నయ్య అక్కడ ఏదో కంపెనీలో ఉద్యోగం మాట్లాడి ఉంచాడట. ఈ ఆదివారంలోగా సరే అనాలట. పాటలు నెట్లో పెడుతున్నాడు కానీ, మెచ్చుకునేదంతా స్నేహితులేనట. "వాళ్ళు నన్ను చూసి చప్పట్లు కొడతారండి, పాట విని కాదండి. అది నాకు తెలిసిపోతుందండి."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళు నా నిద్ర చెడగొట్టి, ఇప్పుడొచ్చి ఆపేస్తాడా! "ఆదివారం ఉంగుటూరు దాటాక కొబ్బరితోటలో మావాళ్ళ వనభోజనాలు. అక్కడ పాడు. నీ భాష ఒక్కళ్ళకీ రాదు, మా ఇంట్లోవాళ్ళు తప్ప నీ మొహం ఎవరూ ఎరగరు. వింటే నీ పాట విన్నట్టే కదా?"

"వినకపోతే అక్కడినుంచే అన్నయ్యకి ఫోన్ చేసేస్తానండి" అన్నాడు.

అప్పటిదాకా ధైర్యంగానే ఉన్నాను కానీ, ఆదివారం ఆటో ఎక్కాక నాకు భయం పట్టుకుంది. మావాళ్ళ సంగతి నాకు తెలియనిదా? పనసపొట్టు కూర పోపు వాసన వచ్చిందంటే స్వయంగా దేవుడు దిగివచ్చి మైకు పట్టుకున్నా వినరు.

తోటలో కాలువగట్టు పొడుగునా చాపలు పరిచారు. ఒకవైపు పేకాట, ఒకవైపు తంబోలా, పొయ్యిల దగ్గర ఆడవాళ్ళ కబుర్లు. మైకు దగ్గర పెద్దలు వంతులవారీగా నాటకాల పద్యాలు పాడుతున్నారు. వనభోజనాలు పెట్టిన మా సంఘం సెక్రటరీగారిని బతిమాలి, పంక్తి వెయ్యకముందే వాడికి వంతు ఇప్పించాను.

వాడు ఫోన్లోంచి సంగీతం పెట్టాడు. మైకులో అది పిండిమర తిరిగినట్టు వినిపించింది. రెండు క్షణాలు చూసి, సంగీతం ఆపేసి ఫోను నా చేతికిచ్చేశాడు. "రికార్డు చెయ్యండి ఆంటీ, ఇదే ఆఖరేమోనండి" అన్నాడు. తొడ మీద చేత్తో దరువేసుకుంటూ ఏ తోడూ లేకుండా మొదలెట్టాడు.

ముందు పిల్లలు దగ్గరికి జరిగారు. తరువాత పేకముక్కలు కింద పెట్టారు. పొయ్యిల దగ్గర కబుర్లు ఆగిపోయాయి. వాడి గొంతు ఎక్కడో నెమ్మదిగా మొదలై, మధ్యలో వడగళ్ళవానలా కురిసి, చివర విరిచినట్టు ఆగింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. వాడు నావైపు చూశాడు. ఫోను కోసం చెయ్యి చాపుతాడేమోనని నేను దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడు ప్లాస్టిక్ కుర్చీలోంచి మా మావయ్యగారు, "వన్స్ మోర్" అన్నారు.

మా వైపు నాటకాల సంగతి తెలియనివాళ్ళకి ఇది చెప్పాలి. పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు. అన్నాక ఆ పద్యం మొదటినుంచి చివరిదాకా మళ్ళీ పాడి తీరాలి. స్టేజీ మీద చచ్చిపడిన పాత్రయినా సరే, లేచి పాడి మళ్ళీ చావాలి. మావయ్యగారు వయసులో ఉండగా సైకిలు మీద అత్తిలి నుంచి ఏలూరు దాకా నాటకాలకి తిరిగిన మనిషి. ఆ మాట ఆయన నోటినుంచి ఊరికే రాదు. వెనకనుంచి ఇంకొందరు అందుకున్నారు, "వన్స్ మోర్, వన్స్ మోర్."

మళ్ళీ పాడమని సైగ చేశాను. వాడి మొహం వెలిగిపోయింది. అందుకున్నాడు. నాలుగు మాటలు కాగానే మావయ్యగారు చెయ్యెత్తారు.

"ఆగు బాబూ. ఇది కాదు. ఇందాకటిది."

"అదేనండి" అన్నాడు వాడు నవ్వుతూ.

"కాదు బాబూ."

"అవునండీ, ఇందాక మధ్యలో టకటకా వచ్చిందండి. ఇందులో రాలేదు" అంది అప్పడాలు వేయిస్తున్న ఆవిడ. పేకాటవాళ్ళు కూడా కాదంటే కాదన్నారు.

వాడు నా దగ్గరికొచ్చి గుసగుసగా చెప్పాడు. "ఇందాకటిది రాసుకున్నది కాదండి ఆంటీ. అక్కడ నిలబడ్డాక, మా సరస్సూ మీ కొల్లేరూ కలిపి అప్పటికప్పుడు అల్లానండి. నాకే గుర్తు లేదండి. వీళ్ళకి భాష రాదు కదా, ఏది పాడినా ఒకటే అనుకున్నానండి."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "పద్యాల్లో సంస్కృతం మాత్రం మావాళ్ళకి అర్థమయ్యే వింటారనుకున్నావా?" అన్నాను.

రికార్డు పెట్టి వినిపిద్దామంటే వద్దన్నాడు. వెళ్ళి మావయ్యగారి కుర్చీ పక్కన నేలమీద కూర్చున్నాడు. ఆయన కుర్చీ చేతి మీద వేళ్ళతో ఇందాకటి నడక వేసి చూపించారు. వాడు కళ్ళు మూసుకుని విన్నాడు. పిల్లలు తమకి గుర్తున్న చప్పుళ్ళు అరిచారు. ఆ నడకలోకి మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. తప్పినచోట "ఊహూఁ" అని అందరూ ఒక్కసారే అన్నారు, వాడు మళ్ళీ వెతుక్కున్నాడు. పంక్తి ఆలస్యమైపోతోందని వంటవాళ్ళు గోల పెట్టినా ఎవరూ కదల్లేదు. చివరికి వాడు లేచి మైకు ముందు మొత్తం పాడాడు. విరుపు విరవాల్సిన చోటే పడింది. అప్పుడు కొట్టారు చప్పట్లు. కొబ్బరిచెట్ల మీద కాకులన్నీ లేచిపోయాయి. నేను సిగ్గు విడిచి ఈల వేశాను.

మొన్న స్టేడియంలో జనమంతా కలిసి పాడింది ఆ పాటే.

ఆ రోజు పంక్తిలో వాడికి పులిహోర వడ్డిస్తూ అడిగాను. "మరి మీ అన్నయ్యకి ఏం చెబుతావు బాబూ? ఆపేస్తావా?"

వాడు విస్తరివైపు చూస్తూ తల అడ్డంగా ఊపాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఎలా ఆపుతానండి ఆంటీ" అన్నాడు. "ఒక్క మాట తెలియకపోయినా పాట మారిందని పట్టేశారు కదండీ."

మజ్జిగ వడ్డించకముందే లేచి చెయ్యి కడుక్కుని మైకు దగ్గరికి నడిచాడు. ఈసారి వాణ్ణి ఎవరూ పిలవలేదు.