దున్నపోతుకు తెల్ల అంచు

మా ఇంట్లో "అరే దున్నపోతా!" అని కేక వినిపిస్తే నేను పలుకుతాను. "కొడుకా!" అని ప్రేమగా పిలిస్తే దున్నపోతు తల తిప్పుతుంది. బాపు పెట్టిన ఈ పద్ధతికి మేమిద్దరం ఎప్పుడో అలవాటుపడ్డాం. నాకంటే ముందు అదే పడింది.

మాది పాల వ్యాపారం. ఇల్లూ, ఇంటి ముందు పాల దుకాణమూ యాకుత్‌పురా స్టేషను దగ్గర ఒక గల్లీలో. ఆ గల్లీలోకి ఆటో వస్తే మనుషులు బల్లుల్లా గోడకు అతుక్కోవాలి. అందుకని పశువుల కొట్టం మాత్రం ఊరి బయట జల్‌పల్లిలో. నేను వ్యాపారంలో లేను, ఓ ప్రైవేటు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటాను. కాబట్టి కరెంటుతో నడిచేవన్నీ నాకు తెలుసని ఇంట్లో అందరికీ నమ్మకం. నాకూ ఆ నమ్మకం ఉండేది, ప్రింటరు కొనేదాకా.

ఆ ఏడు దీపావళి దగ్గరపడుతుండగా మా దున్నకు ముందుకాలు బెణికింది. పశువుల డాక్టరు వచ్చి, మోకాలు నొక్కి, మందు రాసి, ఎక్కువ నడిపించొద్దన్నాడు. సదర్‌కు అసలే వద్దన్నాడు. సదర్ అంటే దీపావళి వెళ్లగానే మా పాలవాళ్లు చేసుకునే దున్నల పండుగ. నూనె పట్టించి నిగనిగలాడించిన దున్నలకు పూలదండలు వేసి డప్పులతో ఊరేగిస్తాం. ఊరేగింపుకు ముందు మావాళ్లలో పెద్దలు కొందరు మా దుకాణం దగ్గర ఆగి, చాయ్ తాగి, గుమ్మం ముందు కట్టేసిన మా దున్నను ఈ చివర నుంచి ఆ చివరి దాకా చూసి తల ఊపేవారు. ఆ తల ఊపడం కోసమే బాపు ఏడాదంతా దాణా కలుపుతాడేమో అని నా అనుమానం.

డాక్టరు వచ్చిపోయిన మర్నాడు బాపు బంగారు రంగు ఫోటో ఫ్రేము ఒకటి చంకలో పెట్టుకొచ్చాడు. పశువు రాకముందే గుంజ పాతే రకం ఆయన.

"పోయినేడు సదర్‌ల తీసినవ్ గద, ఆ ఫోటో దీంట్ల బిగియ్యి. దుకాణంల గోడకు పెడ్త. వచ్చినోళ్లు దాన్నన్న చూస్తరు" అన్నాడు. కాసేపాగి, గోడతో చెబుతున్నట్టు, "వాడు ఒక్క సదర్ గూడ తప్పలే ఇన్నేండ్లల్ల" అన్నాడు.

"స్టూడియోల ఇస్తే అయిపోతది గద?" అంది నా భార్య.

ఆ మాటకు నేను నొచ్చుకుని అన్నం రెండు ముద్దలు తక్కువ తిన్నాను. ప్రింటరు కొన్న రోజు, "ఇగ మన ఫోటోలన్నీ ఇంట్లనే!" అని గల్లీకి వినపడేలా చెప్పింది నేనే. అప్పటిదాకా అందులో వచ్చినవన్నీ గల్లీవాళ్ల ఆధార్ కార్డులే.

ఫ్రేముకు సరిపోయే మందపాటి ఫోటో కాగితం తెచ్చాను. మీట నొక్కాను. ప్రింటరు మూలిగి, దగ్గి, మా దున్నను నిదానంగా బయటికి కన్నది. దండలు, నెమలి ఈకలు, గంటలు అన్నీ ఉన్నాయి. వాటితోపాటు చుట్టూ తెల్ల అంచు ఉంది. పైనా కిందా ఇంకా వెడల్పుగా ఉంది.

పాలవాళ్లు దున్నను చూసే తీరు వేరు. పక్కనుంచి చూస్తారు. ముట్టె దగ్గర మొదలుపెట్టి మెడ, వీపు, నాలుగు గిట్టలు, తోక కుచ్చు దాకా చూపు ఎక్కడా ఆగకూడదు. నల్ల దున్న ఒంటిమీద బొటనవేలంత తెల్లమచ్చ ఉన్నా చూపు అక్కడ ఆగుతుంది, దున్న విలువా అక్కడే ఆగుతుంది. బాపు ఫోటోను కూడా అట్లాగే చూశాడు. చూపు మొదట్లోనే ఆగింది.

"ఈ తెల్లదేంది?"

"మార్జిన్ బాపూ. మిషిన్ అంచుల దాక కొట్టది. జర జాగ ఇడుస్తది."

"పాలల్ల మనకు లేని మార్జిన్ నీ మిషిన్‌కు యాడికెల్లి వచ్చింది?"

నేను తెల్లబోయాను. ఆ క్షణంలో నా మొహమూ, ఆ అంచూ ఒకే కాగితంలో చింపినట్టున్నాయి.

"నల్లగ నిగనిగ మెరిసే దున్న, సుట్టూత తెల్లమచ్చ. మీ మామ చూస్తే ఊకుంటడా?" అన్నాడు బాపు. మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఆయనదీ పాల వ్యాపారమే, ఆయనకూ ఓ దున్న ఉంది. మా దున్నలో లోపం వెతకడమే ఆయనకు సగం పండుగ.

నా భార్య కత్తెర తెచ్చి తెల్ల అంచును నాలుగు పక్కలా కత్తిరించేసింది. తీరా బిగిస్తే ఫోటో ఫ్రేముకు పొట్టిదై కిందికి జారింది. పైన వెనకాల అట్ట కనబడుతోంది. "కిటికీల కెల్లి తొంగి చూస్తున్నట్టున్నది" అంది అమ్మ.

ఇక ప్రింటరు సెట్టింగులన్నీ వెతికాను. 'బార్డర్‌లెస్', అంటే అంచు లేకుండా, అని ఒకటి దొరికింది. కానీ నొక్కితే నొక్కుకోదు, మసక రంగులో మొహం తిప్పుకుని కూర్చుంది. చాలా సేపటికి బోధపడింది: నేను పెట్టింది ఫోటో కాగితమే కానీ, ఆ సంగతి ప్రింటరుతో చెప్పలేదు. అది మామూలు కాగితమే అనుకుంటోంది. కాగితం రకం దగ్గర 'ఫోటో పేపర్' అని మార్చగానే బార్డర్‌లెస్ కళకళలాడుతూ మేల్కొంది. గవర్నమెంటు ఆఫీసులో సరైన కిటికీ దగ్గర నిలబడినప్పుడు కలిగే ఆనందం కలిగింది నాకు.

తెల్ల అంచు మాయమైంది. దాంతోపాటు ఒక చివర ముట్టె, రెండో చివర తోక కూడా మాయమయ్యాయి. హద్దులు తీసేస్తే ప్రింటరు హద్దు మీరింది.

బాపు ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ముట్టె లేదు, తోక లేదు. ఇది దున్ననా, డాంబర్ డ్రమ్మా?"

"ఫోటో పొడుగున్నది బాపూ, కాయితం అంత పొడుగు లేదు. మొత్తం పట్టిస్తే పైన కింద తెల్లగ మిగుల్తది. నిండుగ కొడితే రెండు దిక్కుల కోస్తది. పొడుగు మనిషిని పొట్టి మంచం మీద పండవెట్టినట్టు."

"మనిషికి గిట్ల కాళ్లు కోస్తారా? మంచం మార్చాలె గని."

మంచం మార్చడానికి లేదు. ఫ్రేము కొనేశాడు, ప్రింటరులో అంతకంటే పెద్ద కాగితం పట్టదు. అప్పుడు నాకు ఇంకో తెలివి పుట్టింది. కాగితం నిండేదాకా ఫోటోను పైకీ కిందికీ సాగదీశాను. అంచు లేదు, ముట్టె ఉంది, తోక ఉంది. కానీ కాళ్లు సాగాయి, మెడ సాగింది, పొట్ట లోపలికి పోయింది.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఇది ఎవలింటి గుర్రం? బారాత్‌కు పోతున్నదా?" అంది.

మర్నాడు ఆదివారమైనా పనిపడి నేను ఆఫీసులో ఉండగా బాపు సొంత వైద్యం మొదలుపెట్టాడు. తెల్లది కనబడితే నల్లగా చేయడం ఆయనకు కొత్త కాదు, ఆదివారం ఆదివారం మీసాలకు చేసుకునేదే. ముట్టె నుంచి తోక దాకా సరిగ్గా వచ్చిన కాపీని ఇంకోటి నాతో కొట్టించుకుని ఉంచుకున్నాడు. దాని తెల్ల అంచులకు మీసాల రంగు కలిపి, చిన్న బ్రష్షుతో, నాలుక కొంచెం బయటపెట్టి, శ్రద్ధగా పూశాడట. నా ప్రింటరు సిరాకు తడి సరిపడదని ఆయనకు తెలియదు. పైన పూసిన రంగు ఆకాశంలోకి కారింది. కింద పూసిన రంగు దున్న మోకాళ్ల దాకా ఎక్కింది. తడి ఆరకముందే ఫ్రేములో పెట్టడంతో నెమలి ఈకలు అద్దానికి అతుక్కున్నాయి.

నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ స్పిరిట్టుతో అద్దం తుడుస్తోంది.

"మస్తుగ చేసిండు మీ బాపు. వానల, బురదల నిలవెట్టినట్టు చేసిండు" అంది.

బాపు వంక చూస్తే అసలు సంగతి తెలిసింది. రంగు దున్నకే అయిపోవడంతో ఆ ఆదివారం ఒక వైపు మీసానికే సరిపోయిందట. ఎడమది నల్లగా, కుడిది తెల్లగా. మచ్చ దున్నను వదిలి బాపును పట్టుకుంది. ఆ ముక్క పైకి అనేంత ధైర్యం నాకు లేదు.

"ఇగ రెండు దినాలే ఉన్నది" అన్నాడు బాపు. "నీతోటి కాకపోతే కాదని చెప్పు. ఖాళీ గోడనే చూస్తరు."

అది నాకు తగిలింది. "నీతోటి కాదు" అన్నందుకు కాదు, అది నాకు ఆఫీసులో అలవాటే. ఖాళీ గోడ వైపు ఆయన చూసిన చూపుకు తగిలింది.

ఫోటోలన్నీ నేలమీద పరిచి కూర్చున్నాను. నా భార్య దున్నకు రెండు వైపులా వేలితో చూపించింది. "దీనికి అటు ఇటు జాగనే లేదు. ముట్టె ఈ అంచుకు, తోక ఆ అంచుకు. ఇగ మిషిన్ ఏం కొయ్యాలె మరి?"

నిజమే. ఆ ఫోటో మా గల్లీలో తీసింది. వెనక్కి జరుగుదామంటే నా వీపుకు గోడ తగిలింది. దున్న ఫోటోలో ఇరుక్కుని పట్టింది. ప్రింటరు అంచులు తినడం మానదు. కాబట్టి దానికి తినడానికి ఏదో ఒకటి అంచుల్లో పెట్టాలి. దున్నకు మేత వేసినట్టే ప్రింటరుకూ కొంచెం మేత వేయాలి. అంటే వెడల్పుగా ఉన్నచోట, దూరం నుంచి, కొత్త ఫోటో తీయాలి. (ఫోన్లోనే ఫోటో పొడుగును మార్చుకునే మీట ఒకటి ఉందని నాకు తర్వాత తెలిసింది. ఎంత తర్వాత అని అడక్కండి.)

పొద్దున్నే అమ్మ గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి బంతిపూల దండలు తెప్పించింది. అందరం జల్‌పల్లి కొట్టానికి వెళ్లాం. బాపు దున్నకు నూనె పట్టించాడు, దండలు వేశాడు. అది కుంటుతూ రెండడుగులు వేసి, ఎండలో హుందాగా నిలబడింది. నేను ఫోన్ పట్టుకుని వెనక్కి జరిగాను. అది ముందుకు వచ్చింది. ఇంకా జరిగాను. ఇంకా వచ్చింది.

"ఎనకకు పోరా, దున్నపోతా!" అన్నాడు బాపు. అది నాకే.

"పోతున్న బాపూ! పోయినకొద్దీ వస్తున్నది!"

"జేబుల ఏం పెట్టుకున్నవ్?"

బెల్లం. దున్న మాట వినకపోతే పెడదామని అమ్మే ఇచ్చింది. బెల్లం సంగతి తేలేలోపల నా కాలు పేడకుప్పలో దిగబడింది. కొట్టం బయట బండి ఆపి చూస్తున్న ఒకాయన, "క్యా భాయ్, భైంసే కీ షాదీ హై క్యా?" అని, దున్నకు పెళ్లా అన్నట్టు అడిగి, జవాబు కోసం ఆగకుండా నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆఖరికి ఫోన్ నా భార్య తీసుకుంది. ముట్టె దగ్గర తాడు పట్టుకుని బాపు, తల తిప్పి నల్ల మీసం వైపు కెమెరాకు చూపిస్తూ. తోక దగ్గర నేను, అది కదలకుండా వీపు నిమురుతూ, ఒక కాలికి పేడతో.

"ఇంకా ఎనకకు పోవాల్నా?" అంది ఆమె.

"పో, ఇంకా పో. మాకు అటు ఇటు జాగ ఉండాలె."

ఆమె మేమంతా ఫోన్లో పట్టేదాకా పోయి ఆగింది. మాకు అటు ఇటు మాత్రం జాగా మిగల్లేదని ప్రింటరులోంచి కాగితం వచ్చాక తెలిసింది. దున్న నిండుగా వచ్చింది. ముట్టె, మెడ, వీపు, నాలుగు గిట్టలు, తోక కుచ్చు, అన్నీ ఉన్నాయి. చుట్టూ ఎక్కడా తెల్ల గీత లేదు. ఒక చివర తాడు పట్టుకున్న బాపు చెయ్యి, అరచెంప, నల్ల మీసం. రెండో చివర ఒక మోచెయ్యి. మేత నేనే.

"అయ్యో, మీరు మొత్తం పోయిన్రు. ఇంకోటి తీద్దామా?" అంది నా భార్య.

"ఎందుకు?" అన్నాడు బాపు. నాలుగు అంచులూ వేలితో తడిమి చూశాడు. "మస్తుగుంది. వాడు రోజూ కనబడ్తనే ఉంటడు గద."

సదర్ నాడు పెద్దలు వచ్చారు. గుమ్మం ముందు దున్న లేకపోవడం చూసి ఒక్కక్షణం ఆగారు. బాపు దుకాణం గోడ చూపించాడు. వాళ్లు చాయ్ గ్లాసులు పట్టుకుని ఫ్రేము ముందు వరుసగా నిలబడ్డారు. నేను బాపునే చూస్తున్నాను. బాపు వాళ్ల కళ్లను చూస్తున్నాడు. చూపు ముట్టె దగ్గర మొదలైంది, మెడ దాటింది, వీపు దాటింది, తోక కుచ్చు దాకా ఎక్కడా ఆగకుండా పోయింది. ఒక పెద్దాయన తల ఊపాడు. ఎదురుగా దున్నే ఉన్నట్టు, తన మెడలో దండ తీసి ఫ్రేముకు వేశాడు. బాపు తలపాగా సవరించుకునే నెపంతో కళ్లు తుడుచుకున్నాడు.

మామ మాత్రం ఇంకా వెతుకుతున్నాడు. "ఈ మోచెయ్యి ఎవలిది బావా?"

"మీ అల్లునిదే. మిగిలినోడు అగో, చాయ్ పోస్తున్నడు."

మామ తృప్తిపడలేదు. దగ్గరికి వెళ్లి, ఫ్రేమును మేకు నుంచి ఎత్తి, వెనక్కి తిప్పి చూశాడు. వెనక అట్ట తప్ప ఏముంటుంది?

"అవుతలి దిక్కు ఏది? ఒక దిక్కే చూపిస్తే ఎట్ల బావా? ఆ దిక్కు మచ్చ ఉన్నదో ఏమో, ఎవలకు ఎరుక?"

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అడిగినదాంట్లో న్యాయం ఉంది అన్నట్టే ఉన్నాయి ఆ మొహాలు. బాపు నా వైపు తిరిగాడు.

మర్నాడు పొద్దున్నే మేం మళ్లీ జల్‌పల్లికి బయలుదేరాం. ఈసారి నా రెండో మోచెయ్యి వంతు.